శ్రీ ప్రేమచంద్ రాయచంద్ గారి చరిత్రము

శ్రీ ప్రేమచంద్ రాయచంద్ గారు మన శాఖవారు కారు. గుజరాతు దేశపు ఓస్వాల్ జైనులు. అయినను వాణిజ్యము వారికిని మనకును కులవృత్తియే గావున, వారి చరిత్ర మీ సంచికయందుఁ జేర్చుట యుచితమని తలంచితిమి.

వీరు సూరతు నగరమున జన్మించి, బాల్యముననే తండ్రి రాయచంద్ దీప్‌చంద్ గారితో బొంబాయి చేరిరి. ఆ కాలపు దేశీయ దళారులలో నింగ్లీషు నేర్చినవా రరుదు. వీరు నేర్చిరి. తెల్లదొరల కోఠీలలో వీరికిఁ బ్రవేశము గలిగించినది ప్రధానముగా నా విద్యయే.

1861లో అమెరికాయందు అంతర్యుద్ధము చెలరేగెను. దక్షిణ రాష్ట్రముల రేవులు దిగ్బంధింపఁబడుటచే లంకాషైరు మిల్లులకుఁ బ్రత్తి కఱవయ్యెను. ఇంగ్లండు వర్తకులు బొంబాయి ప్రత్తికై యెగఁబడిరి. నగరమున ధనము వెల్లువగాఁ బాఱెను. వచ్చిన ధనమునకుఁ జోటు కావలెను గదా! బ్యాంకులును, సముద్రమును బూడ్చి భూమి సంపాదించు కంపెనీలును విరివిగా వెలసెను. వానిలో బాక్‌బే కంపెనీ మిక్కిలి ప్రసిద్ధము. షేర్లు కోరువారు ప్రేమచంద్ గారి వాకిట నిలుచుచుండిరి. బొంబాయి బ్యాంకు సైతము వారి పలుకుబడికి లోఁబడి, షేర్లనే తాకట్టుంచుకొనియు, ఒక్కొక్కప్పుడు చాలినంత పూచీ లేకయు, విస్తారముగా ఋణము లిచ్చెను. మహనీయుల చరిత్రములలో నిట్టి భాగములు దాఁచుట మనలో వాడుక. ఇచ్చట దాఁచుట న్యాయము కాదు. అది పరుల సొమ్ము.

1865లో యుద్ధము ముగిసెను. ప్రత్తి ధర కూలెను. జూలై 1వ తేదీ వాయిదా బేరములు చెల్లింపవలసిన దినము; చెల్లింపఁగలవారు కానరారైరి. 2,850 రూపాయల వఱకు నమ్మిన బొంబాయి బ్యాంకు షేరు 87 రూపాయలకు దిగెను. ప్రేమచంద్ గారి యైశ్వర్యము నశించెను. 1868లో బ్యాంకు మూఁతపడెను. దాని పతన కారణములను దొరతనమువారి కమీషను విచారించెను.

సంపద యున్ననాఁడే వారు బొంబాయి విశ్వవిద్యాలయమునకు నాలుగు లక్షల రూపాయ లొసంగిరి. సగము గ్రంథాలయమునకు, సగము గడియారపు గోపురమునకు. 280 అడుగుల యెత్తుగల యా గోపురము, వారి తల్లి రాజాబాయి పేర, 1878లో బూర్తి యయ్యెను. కలకత్తా విశ్వవిద్యాలయమున 1866లో వారి పేర నేర్పడిన విద్యార్థి వేతనమునకు మూలధనము రెండు లక్షలు. సర్ ఆశుతోష్ ముఖర్జీ గారు దానిని బడసినవారే. ఈ దానములచే బ్యాంకు వాటాదారుల నష్టము తీఱినదని చెప్పఁజాలము. కాని యిచ్చిన సొమ్ము నిలిచినది, గడించినది పోయినది.

పతనానంతరము వీరు బొంబాయి విడిచిపోలేదు. మరల ప్రత్తి, షేర్ల వ్యాపారమునకే దిగిరి. 1875లో నేర్పడిన దేశీయ షేరు దళారుల సంఘమునకు వ్యవస్థాపకులలో నొకరుగా వీరిని బరిగణింతురు. ఆ సంఘమే తరువాత బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి యయ్యెను. 1906లో వీరు పరమపదించిరి.