సర్ జేమ్స్ డ్యూవార్

హైదరాబాదు నగరమునకు తూర్పున, మూసీనదికి చేరువలో నాగోలు అను పేట కలదు. 2017వ సంవత్సరము నుండి అచ్చట మెట్రో రైలు నడచుచున్నది. నాగోలులో రైలెక్కి ఉప్పల్ దాటి హబ్సిగూడ వైపు పోవునపుడు మార్గమునకు సమీపమున పెద్ద పరిశోధనాలయములు ఉన్నవి. అందొకటి 1977లో స్థాపింపబడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము. జనులు సి.సి.ఎం.బి. అని పిలుచునది ఇదియే.

ఇట్టి పరిశోధనాలయములలో జీవకణములను ఏండ్ల తరబడి చెడిపోకుండ నిలువ చేయుదురు. ఉప్పువేసి ఊరగాయలను, ఎండబెట్టి వడియములను నిలువ చేయుట మన యిండ్లలో అందరు నెరిగినదే. జీవకణమునకు ఉప్పును పనికిరాదు, ఎండయు పనికిరాదు. దానిని ప్రాణముతోనే నిద్రపుచ్చవలెను. అందులకు ద్రవ నత్రజనిని వాడుదురు. దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువ 196 డిగ్రీలు. అంతటి చలిలో కణమునందలి మార్పులన్నియు దాదాపుగా ఆగిపోవును. ఈ ద్రవమును మామూలు గిన్నెలో పోసినచో సలసల మరగి చూచుచుండగనే మాయమగును. కాని వెడల్పైన పొట్టయు, సన్నని మెడయు గల యొక పాత్రలో పోసినచో వారములకొలది నిలిచియుండును. ఆ పాత్రను డ్యూవార్ అందురు. పాత్రకు పేరు కాకమునుపు అది ఒక మనుష్యుని పేరు.

జేమ్స్ డ్యూవార్ 1842 సెప్టెంబరు 20వ తేదీన స్కాట్లండు దేశమున, ఫోర్త్ నది యొడ్డుననున్న కిన్‌కార్డిన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి ద్రాక్షసారాయి వర్తకుడు. ఆరుగురు కుమారులలో జేమ్స్ కడగొట్టువాడు. అతనికి పదియేండ్ల ప్రాయమున, ఒక శీతకాలమందు, గడ్డకట్టిన నీటిపై తిరుగుచుండగా కాలిక్రింది మంచు విరిగి నీటిలో పడెను. ప్రాణము దక్కినది గాని కీళ్లవాతపు జ్వరము పట్టుకొనెను. రెండేండ్లపాటు అతడు సరిగా నడువలేకపోయెను. బడి చదువు సాగలేదు.

ఆ దినములలో బాలుడు ఊరి వడ్రంగి చెంత చేరి కాలము గడపెను. చెక్కను చిత్రికపట్టుట, అతుకు కనబడకుండ అతుకుట, పలుచగా చెక్కి వంచుట నేర్చుకొనెను. ఫిడేళ్లు చేయుట కూడ నేర్చెను. అందొక ఫిడేలుపై తన పేరును, 1854 అను సంవత్సరమును వ్రాసికొనెను. ప్రయోగశాలలో తన చేతులకు గల నేర్పు ఆ వడ్రంగి వలన అబ్బినదేయని డ్యూవార్ పెద్దవాడైన తరువాత చెప్పుకొనెడివాడు. ఆయన జీవితమంతయు గాజును, లోహమును, అతుకులను నమ్ముకొనియే సాగినది గనుక ఆ మాట వినయమునకు చెప్పినది కాదు.

పదునైదవ యేటికే తల్లిదండ్రులు ఇరువురును గతించిరి. డాలర్ అను ఊరిలోని పాఠశాలలోను, పిమ్మట ఎడింబరో విశ్వవిద్యాలయములోను ఆయన చదువు సాగెను. 1875లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. 1877లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. ఈ రెండు పదవులను ఆయన కడవరకు విడువలేదు. అయినను మనసు మాత్రము లండను ప్రయోగశాలలోనే ఉండెడిది. అది మైకేల్ ఫారడే పనిచేసిన చోటు.

ఫారడే పెక్కు వాయువులను చల్లబరచి, నొక్కి, ద్రవములుగా మార్చియుండెను. కాని ఆమ్లజని, నత్రజని, ఉదజని మొదలగు కొన్ని వాయువులు ఆయనకు లొంగలేదు. ఇవి యెన్నటికిని ద్రవరూపము పొందవేమోయని తలచి పండితులు వానికి శాశ్వత వాయువులని పేరిడిరి. 1877లో ఫ్రాన్సున కైయెటే, స్విట్జర్లండున పిక్టే అనువారు వేరువేరుగా ఆమ్లజనిని పొగమంచు తుంపురులవలె ఒక్కక్షణము చూడగలిగిరి. 1883లో పోలండులోని క్రాకో నగరమున ఇరువురు శాస్త్రజ్ఞులు ఆమ్లజనిని నిలుకడగా ద్రవరూపమున సాధించిరి. డ్యూవార్ వెంటనే ఆ మార్గమున పడెను. ఆమ్లజనిని అధికముగా ద్రవీకరించి, నిండుసభలో లేతనీలపు ద్రవమును జనులకు చూపెను.

కాని ఒక చిక్కు ఆయనను వేధించుచుండెను. ఎంతో ధనము, శ్రమ వెచ్చించి తీసిన ద్రవము పాత్రలో నిలువదు. గాజుపాత్రపై వెంటనే మంచు పేరుకొనును. లోపల నేమున్నదో కానరాదు. చూచునంతలో ద్రవము ఆవిరియైపోవును. ఇందు గ్రహింపవలసిన విషయమొకటి కలదు. చలువ బయటకు పారిపోవుట లేదు. బయటి వేడిమియే లోపలికి దూరుచున్నది. పూర్వము మన అంగళ్లలో మంచుగడ్డను రంపపుపొట్టులో పాతి, పైన గోనెసంచి కప్పెడివారు. మంచునకు దుప్పటి యేలయని పిల్లలు నవ్వెడివారు. ఆ దుప్పటి వేడిని రానీయకుండుటకే.

డ్యూవార్ అట్టి దుప్పటికై వెదకెను. సుమారు ఇరువది యేండ్లకు పూర్వము వేరొక ప్రయోగమునకై ఆయన రెండు గోడల పాత్రను చేయించి, గోడల నడుమ గాలిని తీసివేసియుండెను. 1892లో ఆ యుపాయము మరల స్ఫురించెను. ఒక గాజుకుప్పెను మరియొక కుప్పెలో అమర్చి, మెడ వద్ద రెంటిని కలిపి కరగించి, నడుమనున్న గాలిని తోడివేసెను. గాలి లేనిచోట వేడిమిని మోసికొని వచ్చునది ఏదియు లేదు. అయినను సూర్యుని వేడి శూన్యములోనుండియే మనకు వచ్చుచున్నది గదా! ఆ విధముగ వచ్చు వేడిని త్రిప్పికొట్టుటకు గాజుగోడల లోపలిమొగమున వెండిపూత వేయించెను. పోసిన ద్రవము మరుగుట మాని నిశ్చలముగ నిలిచెను.

ఈ పాత్రకు ఆయన పేటెంటు హక్కు పొందలేదు. పాత్ర ఆయనకు పనిముట్టు మాత్రమే. దృష్టి యంతయు అందులో పోయు ద్రవముపైననే. చలువను లోన నిలుపు పాత్ర వేడిని కూడ లోన నిలుపునని బెర్లినులోని గాజుపనివాడు రైన్‌హోల్డ్ బుర్గర్ కనిపెట్టెను. పాత్రకు లోహపు తొడుగు వేసి 1903లో హక్కు పొందెను. మరుసటి యేట థర్మాస్ అను పేరుతో అది అంగళ్లకు వచ్చెను. ఆసుపత్రిలోనున్న బంధువునకు పాలు, కాఫీ తీసికొనిపోవు ఫ్లాస్కు ఇదియే. డ్యూవార్ న్యాయస్థానమునకు పోయెను. పాత్రను మొదట చేసినది ఆయనయే యైనను, హక్కు పొందనందున వ్యాజ్యము ఓడిపోయెను. లోకమున ఇంటింటికి పోయిన వస్తువు వలన చేసినవానికి చిల్లిగవ్వయు ముట్టలేదు.

1898 మే 10వ తేదీన ఆయన ఉదజనిని ద్రవీకరించెను. సున్నకు దిగువ 253 డిగ్రీల చలి అది. అంతటి చలిని పట్టియుంచుటకు ఆ పాత్రయే ఆధారమయ్యెను. మరుసటి యేట ఉదజనిని గడ్డకట్టించెను కూడ.

ఈ చలిని ఆయన తన ప్రయోగములకే దాచుకొనలేదు. జీవము గల వస్తువును ఇందులో ముంచిన నేమగునని కొందరు శాస్త్రజ్ఞులు అడుగగా ద్రవములను వారికి సమకూర్చెను. 1897లో బ్రౌన్, ఎస్కోంబ్ అనువారు పలురకముల విత్తనములను ద్రవవాయువు చలిలో 110 గంటలు ఉంచిరి. 1899లో క్యూ వృక్షోద్యానాధ్యక్షుడు థిసెల్టన్ డయర్ గోధుమలు, యవలు, ఆవాలు, బఠాణీలు మున్నగు గింజలను ద్రవ ఉదజనిలో ఆరు గంటలు ముంచి, పిదప నేలలో నాటించెను. గింజలన్నియు మొలకెత్తెను! మాక్‌ఫేడియన్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులను పరీక్షించెను. చీకటిలో మిణుకుమను ఒకజాతి సూక్ష్మజీవులు ద్రవవాయువులో పడగనే ఆరిపోయెను. మరల వేడి తగులగనే వెలుగసాగెను. చలి జీవమును చంపక, ఆపి ఉంచగలదని ఇట్లు తెలియవచ్చెను. గడియారమును పగులగొట్టుట వేరు, నిలుపుట వేరు.

ఇక మిగిలినది హీలియం ఒక్కటి. దానిని ద్రవీకరించుటయే డ్యూవార్ పెద్దకోరిక. భూమిపై హీలియంను 1895లో కనుగొనిన విలియం రామ్సే లండనులోనే, కొలదిదూరమున పనిచేయుచుండెను. ఆ వాయువును శుద్ధిచేయుటలో రామ్సేకు మించినవారు లేరు. గొప్ప చలిని పుట్టించుటలో డ్యూవార్‌కు మించినవారు లేరు. ఇరువురును కలసిన పని తీరెడిది. కాని డ్యూవార్ ముక్కోపి. ఎవరు ఏది ముందు సాధించిరను విషయమై సభలలో ఇరువురికి వాదులు చెలరేగెను; మాటలు నిలిచిపోయెను. డ్యూవార్ బాత్ నగరపు వేడినీటి ఊటలనుండి వెలువడు వాయువును తెప్పించి తంటాలు పడెను. అందులో కలసియున్న నియాన్ ముందుగా గడ్డకట్టి గొట్టములను పూడ్చివేసెడిది. ఆయన ప్రయోగశాలలో పేలుళ్లును తప్పలేదు. లెనాక్స్, హీత్ అను ఇరువురు సహాయకులు చెరియొక కన్ను కోల్పోయిరి. ఆయన కీర్తి కథలో వారి పేర్లు తరచుగా కానరావు, ఉండదగినవి.

హాలండు దేశమున లైడెన్ నగరమందు కామెర్లింగ్ ఓన్నెస్ వేరొక దారి త్రొక్కెను. గాజుపనివారిని, యంత్రకారులను కూర్చి, వారికై ఒక శిక్షణశాలనే నడపెను. ఏండ్లకొలది ఓపికతో పనిచేసి 1908 జులై 10వ తేదీన హీలియంను ద్రవీకరించెను. ఆ ద్రవము నిలిచినది వెండిపూతయు శూన్యమును గల గాజుపాత్రలోనే, అనగా డ్యూవార్ కనిపెట్టిన తీరు పాత్రలోనే. రామ్సేకు 1904లోను, ఓన్నెస్‌కు 1913లోను నోబెల్ బహుమతి లభించెను. డ్యూవార్‌కు సర్ బిరుదము వచ్చినది గాని ఆ బహుమతి రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ధనము, మనుష్యులు కరవై చలి ప్రయోగములు ఆగిపోయెను. డెబ్బది యేండ్లు దాటిన డ్యూవార్ సబ్బుబుడగలను పరిశోధింప మొదలిడెను. దుమ్ములేని గాలితో ఊది, కదలికలేనిచోట ఉంచి, వానిని నెలల తరబడి పగులకుండ నిలిపెను. 1921లో ఆయన వివాహమునకు ఏబది యేండ్లు నిండెను. ఆ వేడుకలో, మంచులో పడి మంచమెక్కిన బాలుడు వడ్రంగి చెంత కూర్చుండి చేసిన 1854 నాటి ఫిడేలును వాయించిరి. 1923 మార్చి 27వ తేదీన, తన ఎనుబదవ యేట, ఆయన లండనులో మరణించెను.

పాత్ర కథ అంతటితో ఆగలేదు. విత్తనము పొడిగానుండును గనుక చలికి ఓర్చెను. నీరు నిండిన జీవకణమట్లు కాదు. లోని నీరు మంచుసూదులై దానిని చీల్చును. 1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు గ్లిజరిన్ కలిపినచో కణమునకు ఆ బాధ తగ్గునని కనుగొనిరి. అప్పటినుండి రక్తకణములు, జంతువుల బీజములు, మానవపిండములు సైతము ద్రవ నత్రజనిలో నిలువయుండుట సాధ్యమైనది. కరీంనగరు, నంద్యాల మున్నగు చోట్ల మేలుజాతి ఆబోతుల బీజమును సన్నని గొట్టములలో నింపి గడ్డకట్టించు కేంద్రములు ఏర్పడెను. పల్లెలలోని పశువైద్యశాలలకు ఆ గొట్టములు చేరునది చిన్న డ్యూవార్ పాత్రలలోనే. తండ్రి మరణించిన పిదప కూడ దూడలు పుట్టుచున్నవి. నగరమునకు పడమరగా అత్తాపూరులో, సి.సి.ఎం.బి. వారి వన్యప్రాణి ప్రయోగశాలయందు అంతరించు జంతువుల కణములను ఇట్లే కాపాడుచున్నారు.

కొందరు ఇంకను ముందునకు పోయిరి. 1967 జనవరి 12న అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక ఆచార్యుడు క్యాన్సరుతో మరణింపగా, ముందునాటి వైద్యులు బ్రతికింతురను ఆశతో ఆయన దేహమును గడ్డకట్టించిరి. పిమ్మట మరికొందరి దేహములను నిలువెత్తు డ్యూవార్లలో నుంచిరి. వారిలో ఇంతవరకు ఒక్కరును లేవలేదు. ఒక్క కణమును సమముగ చల్లబరుపవచ్చును. గుండె, మెదడు, ఎముక కలసిన దేహమున రక్షణద్రవ్యము అంతట ఒకే తీరున చేరదు, చలియు ఒకే వేగమున దిగదు, అవయవములు పగుళ్లువారును. అదియునుగాక ఆ దేహములు మరణానంతరము చల్లబరచినవి. డ్యూవార్ చలిలో మరల వెలిగినవి ప్రాణముండగా ముంచినవి.

పాత్ర యెంత మంచిదైనను వేడిమిని పూర్తిగా ఆపజాలదు. నత్రజని కొంచెము కొంచెముగా ఆవిరియగుచునే యుండును. అందువలన పరిశోధనాలయములోనైనను, పల్లెలోని పశువైద్యశాలలోనైనను ఆ పని చూచువారు నియమిత దినములలో మూత తీయుదురు. తెల్లని ఆవిరి అంచుమీదుగా నేలకు జారును. కొలబద్దను లోనికి దించి, పైకి తీసి, మంచు పట్టినంతమేర చూచి, తక్కువైనచో మరల నింపుదురు.