కాంతి నడక తెలిసిన ఇబ్నుల్ హైథమ్

గళ్ల నేల మీద అద్దంలా మెరిసే గోళం. గళ్లన్నీ దానిమీద వంపు తిరిగి కనిపిస్తాయి. అది ఫొటో కాదు, కాంతి కిరణాల దారిని లెక్కకట్టి కంప్యూటర్ గీసిన బొమ్మ. ఈ 'రే ట్రేసింగ్' పద్ధతికి 1980లో టర్నర్ విటెడ్ వ్యాసం బాట వేసింది. 1991లో 'పోవ్-రే' ప్రోగ్రాం ఉచితంగా దొరకడంతో ఎందరికో ఇది సరదా వ్యాపకమైంది. రాత్రి కంప్యూటర్‌కు పని అప్పగించి పడుకుంటే తెల్లారేసరికి బొమ్మ తయారయ్యేది. ఈ లెక్కల వెనుక వెయ్యేళ్లనాటి ఒక ముస్లిం శాస్త్రవేత్త ఉన్నారు.

అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైథమ్ క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించారు. నైలు నదిని అదుపు చేయవచ్చని ఆయన అన్నట్లు విని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ ఈజిప్టుకు పిలిపించుకున్నాడని చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశారు. అస్వాన్ దాకా వెళ్లి చూశాక అది అయ్యే పని కాదని ఆయనకు అర్థమైంది. దారిలో ప్రాచీనుల మహా కట్టడాలు చూసి, సాధ్యమైతే వాళ్లే చేసి ఉండేవారు కదా అనుకున్నారట. తిరిగి వచ్చి ఓటమి ఒప్పుకున్నారు. హాకిమ్ ఎప్పుడు ఎవరి ప్రాణం తీయిస్తాడో తెలియని మనిషి. అందుకని పిచ్చివాడిలా నటించి ఇంట్లోనే బందీగా ఉండిపోయారు. అంత మేధావికి పిచ్చి నటించవలసిన గతి పట్టింది! 1021లో హాకిమ్ అదృశ్యమయ్యాకే ఆయనకు విముక్తి. ఆ తర్వాత అల్ అజ్‌హర్ దగ్గర నివసిస్తూ, యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు నకళ్లు రాసి పొట్టపోసుకున్నారు. 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు.

నకళ్లు రాసినా వారి మాటను గుడ్డిగా నమ్మలేదు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని వారన్నారు. మరి సూర్యుణ్ణి చూస్తే కన్నెందుకు నొప్పి పుడుతుంది? వెలుగే వచ్చి కంటిని తాకుతోందన్నారు ఇబ్నుల్ హైథమ్. చీకటిగది రంధ్రానికి ఎదురుగా అనేక దీపాలు పెట్టారు. లోపల ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపాన్ని మూస్తే దానికి సూటిగా ఉన్న మచ్చ ఒక్కటే పోయింది.

ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్' 1572లో బాసెల్ నగరంలో లాటిన్‌లో అచ్చయింది. దీపమూ కన్నూ ఎక్కడున్నాయో తెలిస్తే, వంపు అద్దం మీద కాంతి ఏ చోట తగిలి కంటికి చేరుతుంది? అందులోని ఈ కఠిన సమస్యకు ఆయన పేరే నిలిచింది.

కంప్యూటర్ ఈ చిక్కును తెలివిగా తప్పించుకుంటుంది. దీపం కిరణాల్లో అత్యధికం కంటికి చేరనే చేరవు. వాటన్నిటినీ లెక్కించడం వృథా. కనుక కంటి వైపు నుంచే మొదలుపెట్టి, బొమ్మలోని ఒక్కో చుక్క గుండా వెనక్కి నడుస్తుంది. 640 అడ్డం, 480 నిలువు బొమ్మలో 3,07,200 చుక్కలు. యూక్లిడే నెగ్గాడా అనిపిస్తుంది గానీ, అది శ్రమ తగ్గించుకునే ఉపాయం మాత్రమే. ఆ చుక్కకు రంగు మాత్రం దీపం నుంచి కంటికి వచ్చే వెలుగును బట్టే.