భీమవరం సుబ్బారావు, ఒక గ్లాసు ఓఆర్‌ఎస్

ఏప్రిల్ వచ్చిందంటే నర్సరీ, ఎల్‌కేజీ క్లాస్ టీచర్ల ఫోన్లకు వచ్చే లీవ్ మెసేజ్‌లలో రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి: లూజ్ మోషన్స్. తెల్లాపూర్‌లో బోర్లు తగ్గి ట్యాంకర్లు తిరిగే రోజులివి. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలు పొద్దస్తమానం ఉండేదీ, బర్త్‌డే పార్టీ భోజనం గంటల తరబడి బయటే ఉండిపోయేదీ ఇప్పుడే. అందుకే ఈ నెల ఈ పేజీకి ఎవరిని ఎంచుకోవాలా అని ఎక్కువ ఆలోచించలేదు. విరేచనాల జబ్బు తన ఇంట్లో ఇద్దరిని తీసుకుపోతే, ఆ జబ్బును జీవితాంతం మరచిపోని తెలుగువాడు ఒకరున్నారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామనుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో వేశారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ర్యాంకుల గురించి రోజూ మాట్లాడుకునే మనం ఈ సంగతి ఒకసారి గుర్తుపెట్టుకోవచ్చు. తల్లి వెంకమ్మ గారు నగలు అమ్మి మరీ చదివించారు. కొన్నాళ్లు రామకృష్ణ మఠంలో సన్యాసిగా చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీకి వెళ్లారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్లినందుకు ఒక ఆచార్యుడికి కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ డిగ్రీకి బదులు ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన పెద్దలు గ్రహణి అని చెప్పుకున్న జబ్బుల్లాంటిదే ఇది. వేడి దేశాల్లో ఎక్కువ. పేగుకు ఏదో ఇన్‌ఫెక్షన్ తగిలిన తర్వాత మొదలవుతుందనే నేటికీ డాక్టర్ల అభిప్రాయం. విరేచనాలు నెలల తరబడి తగ్గవు. తిన్నది ఒంటికి పట్టదు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎముకల గూడైపోతాడు. అప్పట్లో ఇవ్వడానికి మందంటూ ఏదీ లేదు.

మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరనిర్మాణ శాస్త్రం బోధించి, 1922 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. ఖర్చుకు మామగారు డబ్బిచ్చారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. హార్వర్డ్‌లో పగలు ఉష్ణమండల వ్యాధుల చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం కూడా అందులో భాగమే.

తర్వాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. అదే దారిలో వెళ్లి 1929లో కండరాల్లోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా వేరుగా దాన్ని కనుక్కున్నారు. మన ఒంట్లో ప్రతి కణం పనికీ ఖర్చయ్యే నాణెం అదేనని తొమ్మిదో తరగతి పిల్లలను అడిగినా చెబుతారు.

ఇక్కడ కాస్త ఆగాలి. పిల్లలకు విరేచనాలు తెప్పించేవి చాలా ఉన్నాయి. రోటావైరస్, నోరోవైరస్ లాంటి వైరస్‌లు, ఈ-కొలై, షిగెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు. ఎండకు అన్నం, పాలు, చట్నీల్లో బ్యాక్టీరియా గంటల్లోనే పెరిగిపోతుంది. క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు సులభంగా చావదు కాబట్టి పూల్‌లోనూ బతుకుతుంది. నీళ్లు మరిగిస్తే చస్తుంది. మోషన్స్ అయిన బిడ్డను, తగ్గాక కూడా రెండు వారాలు పూల్‌కు పంపొద్దనేది అందుకే. క్రిమి ఏదైనా చిన్నపిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా నీళ్లూ ఉప్పూ పోవడమే. ఉత్త నీళ్లు తాగిస్తే పేగు వాటిని సరిగా పీల్చుకోదు. ఉప్పుతోపాటు తగినంత గ్లూకోజు కలిస్తే ఆ రెండూ జతగా కణంలోకి వెళ్తాయి, నీళ్లు వాటి వెనకే వెళ్తాయి. లోపలికి వచ్చిన ఉప్పును కణం అవతలికి తోసేసి మళ్లీ చోటు చేయాలి. ఆ తోసే పంపు నడిచేది ఏటీపీతోనే. అది 1957లో తెలిసింది. గ్లూకోజు, ఉప్పు జతగా వెళ్తాయని 1960లో తెలిసింది. 1971 యుద్ధంలో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించారు. తను కండరంలో చూసిన పదార్థమే పేగులో ఈ పని చేస్తుందని తెలుసుకోవడానికి సుబ్బారావు గారు అప్పటికి లేరు.

అందుకే ప్యాకెట్ మీద రాసిన కొలత పాటించాలి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేయడం, రుచికి పంచదార జోడించడం వద్దు. చక్కెర మితిమీరితే నీళ్లు పేగులోకే ఎదురొచ్చి విరేచనాలు పెరుగుతాయి. పళ్లరసం పెట్టెల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడాన్ని ఆహార ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆపించింది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకరి ఏళ్ల పోరాటం ఉంది.

హార్వర్డ్‌లో సుబ్బారావు గారికి శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడి పరిశోధనలకు సారథి అయ్యారు. కాలేయంలో రక్తం పట్టించే పదార్థం ఏముందో తేల్చాలన్నది హార్వర్డ్ నాటి పట్టుదల. ఆ వేటలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే వాళ్లు కోలుకున్నారు. అదే ప్రయోగశాలలో, డెబ్బై ఏళ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది అదే. ఇవాళ స్ప్రూకు ఇచ్చే చికిత్స ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్. రెంటికీ ఆయన నడిపిన చోటే పుట్టిల్లు. అన్నదమ్ములు పోయి పాతికేళ్లు అయింది అప్పటికి.

ఇది చదివి, మోషన్స్ అనగానే యాంటీబయాటిక్ సిరప్ అడగొద్దని మా మనవి. వైరస్ మీద అది పనిచేయదు. మామూలు విరేచనాల్లో చాలావరకు ఓఆర్‌ఎస్, డాక్టరు చెప్పిన జింక్, అలవాటైన తిండి, తల్లిపాలు చాలు. మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా ఉన్నా, ఏమీ తాగలేకపోతున్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రోటావైరస్‌కు చుక్కల టీకా ఉంది. వాటిలో ఒకటి, 2015లో విడుదలైన రోటావాక్, తయారైంది మన హైదరాబాద్‌లోనే. ఇంట్లో పసిబిడ్డ ఉంటే 6, 10, 14 వారాలకు వేయించారో లేదో కార్డు చూసుకోండి.

బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ వాడి చూసిన అమినోప్టెరిన్ కూడా ఆ బృందం ఇచ్చినవే. వీటిలో దేనికీ సుబ్బారావు గారు తన పేరు ముందుకు నెట్టుకోలేదు, అందుకే చాలాకాలం ఆయన ఊరివాళ్లకు కూడా ఆయన తెలియలేదు. 1995లో, శతజయంతికి, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. వయసు 53. బోస్టన్ వెళ్లిన తర్వాత ఆయన మళ్లీ ఇండియా రాలేదు. శేషగిరి గారు ఆయన్ను మళ్లీ చూడలేదు.