మెరుపును కాపు కాసిన బెప్పో

చలికాలం తెల్లవారుజామున తిరుమలగిరిలో మా డాబా ఎక్కితే, ఎప్పుడైనా ఓసారి ఈసీఐఎల్ వైపునుంచి పెద్ద తెల్లబెలూన్ ఒకటి పైకి లేస్తూ కనిపిస్తుంది. అక్కడ 1969 నుంచీ టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. నక్షత్రాల్నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు గాలిపొర దాటి నేలదాకా రావు. వాటిని చూడాలంటే పరికరాన్నే పైకి మోసుకెళ్లాలి మరి! ఆ బెలూన్ని చూసినప్పుడల్లా నాకు బెప్పో గుర్తొస్తారు.

బెప్పో అనేది ముద్దుపేరు. అసలు పేరు జుసెప్పే ఒక్కియాలీని. 1907లో ఇటలీలో పుట్టారు. 1931లో మూడు నెలలకని కేంబ్రిడ్జి వెళ్లి మూడేళ్లు ఉండిపోయారు. అక్కడ బ్లాకెట్ అనే శాస్త్రవేత్త దగ్గర మేఘపేటిక ఉండేది. ఆకాశం నుంచి దూసుకొచ్చే కణాలు తేమగాలిలో గీసే గీతల్ని ఫోటో తీసే డబ్బా అది. చిక్కేమిటంటే కణం ఎప్పుడొస్తుందో తెలీదు. గుడ్డిగా తీస్తూపోతే చాలా ఫోటోలు ఖాళీ. బెప్పోకి కణాల్ని పసిగట్టే గీగర్ కౌంటర్లతో బాగా పరిచయం. డబ్బాకి పైనొకటి, కిందొకటి పెట్టారు. రెండూ ఒక్కసారే మోగాయంటే కణం లోపలినుంచి వెళ్లినట్టే. వెంటనే ఫోటో పడుతుంది. దొంగచేతే గంట కొట్టించడమన్నమాట! దీంతో 1933లో పాజిట్రాన్ల జల్లుల్నే పట్టుకున్నారు. 1948లో నోబెల్ మాత్రం బ్లాకెట్ ఒక్కరికే వచ్చింది.

ముస్సోలినీ పాలనలో ఇమడలేక 1937లో బ్రెజిల్ వెళ్లిపోయారు. యుద్ధంలో బ్రెజిల్ ఇటలీకి ఎదురు తిరగడంతో అక్కడా శత్రుదేశపు మనిషే అయ్యారు. కొండల్లో దారి చూపించే గైడుగా కొన్నాళ్లు గడిపారు.

తరవాత ఇంగ్లండులోని బ్రిస్టల్. అక్కడ పావెల్‌తో కలిసి ప్రత్యేకమైన ఫోటో ప్లేట్లను ఎత్తైన కొండల మీద పెట్టి కణాల జాడలు వెతికారు. ఆ ప్లేట్లని మైక్రోస్కోపు కింద గంటల తరబడి చూసింది ఎవరనుకున్నారు? అమ్మాయిలే. బియ్యంలో రాళ్లేరినంత ఓపిగ్గా! 1947లో పయాన్ అనే కొత్త కణం జాడ మొదట కంటబడింది మారియెట్టా కుర్జ్‌కి. వ్యాసం రాసిన నలుగురిలో ఆమె పేరు లేదు. 1950లో నోబెల్ పావెల్‌కి వచ్చింది. బెప్పోకి మళ్లీ లేదు. రెండుసార్లు చేతిదాకా వచ్చింది జారిపోతే ఎవరికైనా మనసు విరిగిపోదూ? ఆయన మాత్రం పని మానలేదు. ఆ ఏడాదే కాన్‌స్టెన్స్ డిల్‌వర్త్‌ని పెళ్లాడారు. ఆవిడా భౌతికశాస్త్రవేత్తే. మందపాటి ప్లేట్లని పైనుంచి కిందిదాకా సమంగా డెవలప్ చేసే పద్ధతి కనిపెట్టినవాళ్లలో ఇద్దరూ ఉన్నారు. తరవాత మిలన్‌లో అంతరిక్ష పరిశోధనలోకి దిగారు.

ఇంతలో ఆకాశంలో ఓ వింత బయటపడింది. దొంగచాటుగా ఎవరైనా అణుపరీక్షలు చేస్తున్నారేమోనని అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలకి 1967లో అంతరిక్షం నుంచి గామా కిరణాల మెరుపొకటి తగిలింది. అలాంటివాటి సంగతి లోకానికి తెలిసింది 1973లో. అవి ఎంత దూరంనుంచి వస్తున్నాయో చెప్పగలిగినవాళ్లు లేరు. ఎక్కడా అని తిరిగి చూసేలోపే మాయం!

బెప్పో 1993 డిసెంబరు 30న పారిస్‌లో కన్నుమూశారు. 1996 ఏప్రిల్ 30న ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి ఓ ఉపగ్రహాన్ని పంపి, దానికి బెప్పోసాక్స్ అని ఆయన పేరే పెట్టాయి. 1997 ఫిబ్రవరి 28న దాని కాపలా పరికరం మోగింది. సుమారు 80 సెకన్ల మెరుపు. ఉపగ్రహంలోని మరో కెమెరా అదే మెరుపును చూసి చోటు చెప్పింది. కిందున్నవాళ్లు 8 గంటల్లో పెద్ద దుర్భిణీల్ని అటు తిప్పించారు. మెరుపు పోయింది కానీ, దీపం కొండెక్కాక వత్తి కొసన ఎర్రగా మిగిలినట్టు, ఎక్స్ కిరణాల వెలుగు ఇంకా ఉంది! మూడు రోజులకి అది దాదాపు ఇరవయ్యో వంతుకి తగ్గిపోయింది. కానరీ దీవుల్లోని టెలిస్కోపుకి మామూలు వెలుగు కూడా దొరికింది. ఆ మే నెలలో మరో మెరుపు తాలూకు వెలుగును విడదీసి చూస్తే, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలిదని తేలింది.

ఆయన పేరు మోసిన ఆ ఉపగ్రహం 2003 ఏప్రిల్ 29న పసిఫిక్ సముద్రంలో పడిపోయింది.