కైలాస మానస యాత్రికులు స్వామి ప్రణవానంద

కాయకమునందే కైలాసమును దర్శింపవలెనని నేర్పిన శరణుల మార్గమున నడచువారికి హిమాలయములకావల నున్న కైలాస పర్వతముతో పనియేమియని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ పర్వత ప్రాంతమును కొలుచుటయు, దాని నదుల మొదళ్లను వెదకుటయు, యాత్రికులకు దారి చూపుటయు తమ జీవిత కాయకముగా చేసికొనిన తెలుగువారొకరు కలరు. వారే స్వామి ప్రణవానంద. వారి పేరు మన తెలుగునాట వినబడవలసినంతగా వినబడకపోవుట విచారకరము.

వీరు 1896లో గోదావరి సీమలో జన్మించిరి. పూర్వాశ్రమ నామము కనకదండి వేంకట సోమయాజులు. లాహోరులోని డి.ఏ.వి. కళాశాలలో చదివి, ఆ నగరముననే రైల్వే లెక్కల కార్యాలయమున ఉద్యోగము చేసిరి. సహాయ నిరాకరణోద్యమము రాగా కొలువు విడిచి, 1926 వరకు పశ్చిమ గోదావరి ప్రాంతమున కాంగ్రెసు సేవలో నుండిరి. పిమ్మట స్వామి జ్ఞానానందుల నాశ్రయించిరి. ఆ గురువును తెలుగువారే. ఆయన హిమాలయములలో తపస్సు చేసి, యూరపు ఖండమున భౌతికశాస్త్రము నభ్యసించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక పరిశోధనకు పునాది వేసిన మహనీయుడు. శిష్యునిలో జపమును, కొలబద్దయు కలిసి కనబడుటకు ఈ సాంగత్యమే కారణమై యుండును.

ప్రణవానందులు 1928లో కాశ్మీరము, లడాఖుల మీదుగా మొదటిసారి కైలాసమును చేరిరి. 1935 మొదలు పలుమారులు వెళ్లిరి. యాత్రికులు సామాన్యముగా వేసవిలో పోయి, ప్రదక్షిణము చేసి, చలి ముదరక మునుపే మరలుదురు. కైలాస ప్రదక్షిణము సుమారు 32 మైళ్లు. దారిలో డోల్మా కనుమ 18,000 అడుగులకు మించిన ఎత్తున నున్నది. స్వామివారికి ఆ కొద్ది దినముల దర్శనము చాలలేదు. 1936-37లో మానససరోవర దక్షిణ తీరమున నున్న ఠుగోల్హో బౌద్ధమఠమున ఒక సంవత్సరము నివసించిరి.

సముద్రమట్టమునకు దాదాపు 15,000 అడుగుల ఎత్తున శీతకాలము గడపుట ఎట్టిదో ఊహించుటయే కష్టము. డిసెంబరు చివర సరస్సు గడ్డకట్టినది. మంచు పలకలు బీటలువారి పెద్ద ధ్వనులు చేయుచుండెను. తీరమున నిలిచి స్వామివారు శీతోష్ణమును గుర్తించిరి, ధ్యానమును మానలేదు. మరల మే మాసమున మంచు కరగి నీలిజలము తేలువరకు ఆ సరస్సును కనిపెట్టియుండిరి. ప్రక్కనే యున్న రాక్షసతాలము మానసముకంటె ముందుగా గడ్డకట్టి, వెనుకగా కరగుటను గమనించిరి. గడ్డకట్టిన ఆ రాక్షసతాలముపై నడచిపోయి, అందలి ద్వీపములను చూచి వచ్చిరి. పాదము క్రింద మంచు పగిలినచో రక్షించువారు లేని చోటది.

బంగారు తామరలు, ముత్యములు, వేలయేండ్లు బ్రదికిన మహాత్ములు అక్కడ కలరను కథలను వారు బలపరుపలేదు. చూచినదానిని చూచినట్లు చెప్పిరి. పుణ్యక్షేత్రమునకు అది లోపమని వారు తలంపలేదు.

వారు తలకెత్తుకొనిన పెద్ద కార్యము నదీమూలముల నిర్ణయము. తూర్పున అశ్వముఖము నుండి బ్రహ్మపుత్ర, పశ్చిమమున గజముఖము నుండి సట్లెజ్, ఉత్తరమున సింహముఖము నుండి సింధు, దక్షిణమున మయూరముఖము నుండి కర్ణాలి వెడలునని టిబెట్టువారి నమ్మకము. 1907లో స్వీడను దేశీయుడగు స్వెన్ హెడిన్ ఆ ప్రాంతమున తిరిగి, బ్రహ్మపుత్ర మూలము కుబీ హిమానీనదమని ప్రకటించెను. ఒక నదికి నీటి రాశిని, మరియొక నదికి వేరొకదానిని ప్రమాణముగా కొనుట న్యాయము కాదని ప్రణవానందుల వాదము. స్థానిక సంప్రదాయమును, పొడవును, నీటి రాశిని పరిశీలించి, వారు చేమాయుంగ్డుంగ్ ప్రాంతమును బ్రహ్మపుత్ర మూలముగా నిశ్చయించిరి. 1941 నుండి భారత సర్వేశాఖ పటములలో వారి నిర్ణయములు చేరినవి. 2011లో చైనా శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రముల సాయమున ఆంగ్సీ హిమానీనదమును మూలముగా పేర్కొనిరి. ఈ వాదము ఇంకను సాగునేమో!

వీరి టిబెట్టు పరిశోధన గ్రంథమును 1939లో కలకత్తా విశ్వవిద్యాలయము ప్రకటించినది. 1949లో వెలువడిన కైలాస మానససరోవర గ్రంథమునకు జవహర్‌లాల్ నెహ్రూ పీఠిక వ్రాసిరి. మజిలీలు, దూరములు, వెంట గొనిపోవలసిన వస్తువులు, అవసరమగు టిబెట్టు మాటలు అన్నియు అందు కలవు. ప్రాణము మీదికి వచ్చిన యాత్రికునకు పురాణ వర్ణనకంటె మజిలీ దూరమే మిన్న.

1950వ దశకమున గఢ్వాలులోని రూపకుండమునకు పలుమారులు పోయి, అందలి అస్థిపంజరములను పరిశీలించి, అవి నందాదేవి యాత్రకు వెళ్లిన పరివారమువారివని అభిప్రాయపడిరి. 2019లో వెలువడిన జన్యుపరిశోధన ఆ ఎముకలు ఒకే కాలమువారివి కావనియు, కొందరు మధ్యధరా ప్రాంత సంబంధులనియు తేల్చినది. వారి అభిప్రాయము పూర్తిగా నిలువలేదు.

1976లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. అప్పటికి కైలాస మార్గము భారతీయ యాత్రికులకు మూతపడియుండెను. 1962 యుద్ధము పిమ్మట పోవు వీలు లేకపోయినది. 1981లో లిపులేఖ్ కనుమ మీదుగా యాత్రికులు మరల బయలుదేరిరి. స్వామివారికి అప్పుడు 85 ఏండ్లు. 1989లో వారు పరమపదించిరి.