ఆకాశంలో తపాలా మోసిన జె.ఆర్.డి. టాటా

టాటా అంటే మనకు ఉప్పు పొట్లం, లారీ గుర్తుకొస్తాయి. కాని ఆ ఇంటి మనిషి ఒకాయన మన దేశంలో ఇచ్చిన పైలట్ లైసెన్సుల్లో ఒకటో నంబరు లైసెన్సు పొందాడు. ఆయనే జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. అందరూ జె.ఆర్.డి. అంటారు. ఆయన జీవితం చదివితే విమానానికి రెక్కలు ఎంత ముఖ్యమో, మాట కూడా అంతే ముఖ్యమని తెలుస్తుంది.

బాల్యం

జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్ నగరంలో పుట్టారు. తండ్రి పార్శీ, తల్లి ఫ్రాన్స్ దేశస్థురాలు. చిన్నప్పుడు సెలవులకు సముద్రం ఒడ్డున ఒక ఊరికి వెళ్లేవారు. 1909లో ఇంగ్లిష్ చానల్‌ను విమానంలో మొదటిసారి దాటిన లూయీ బ్లెరియో ఇల్లు కూడా అక్కడే ఉండేది. ఆ విమానాలను చూసి పిల్లవానికి ఎగరాలని ఆశ పుట్టింది. పదిహేనేండ్లప్పుడు ఒకసారి విమానం ఎక్కాడు. ఇక ఆ పిచ్చి వదల్లేదు. బొంబాయిలో విమానం నేర్చుకొని 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు తీసుకున్నారు.

పోటీలో ఓడినా...

1930లో ఇంగ్లండుకు, ఇండియాకు మధ్య ఒంటరిగా విమానం నడిపే మొదటి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. జె.ఆర్.డి. కరాచీ నుంచి బయలుదేరారు. ఆస్పీ ఇంజనీర్ అనే పదిహేడేండ్ల పిల్లవాడు ఇంగ్లండు నుంచి వచ్చాడు. ఈజిప్టులో ఇద్దరూ కలిశారు. ఆస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్గు పాడై ఆగిపోయి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్నది ఇచ్చేశారు. చివరికి పోటీలో గెలిచింది ఆస్పీనే! ఆ పిల్లవాడే తర్వాత మన వైమానిక దళానికి అధిపతి అయ్యాడు.

రేడియో లేని ప్రయాణం

1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. పుస్ మాత్ అనే ఒకే ఇంజను చిన్న విమానంలో తపాలా సంచులు వేసుకొని కరాచీ నుంచి బయలుదేరారు. అహ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి నెవిల్ వింట్సెంట్ అనే పైలట్ ఆ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. కొన్నేండ్లకు ఈ దారిలో మన హైదరాబాదు కూడా చేరింది.

ఆ రోజు విమానంలో రేడియో లేదు. ముందర గాలి ఎట్లుంది, మబ్బు ఉన్నదా అని కిందినుంచి చెప్పేటోళ్లు లేరు. లెక్కలు కట్టే స్లైడ్ రూలు, కండ్లద్దాలు, కింద కనబడే గుర్తులు, అంతే. ఆకాశంలో విమానాలు తక్కువ కాబట్టి అట్ల సాగింది. అందరూ ఎగరడం మొదలుపెడితే అట్ల సాగదు.

మన బోధన్ షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చెరుకు బండ్లు బారులు తీరేవి. ఇరుకు బాటలో రెండు బండ్లు ఎదురైతే దిగి మాట్లాడుకొని ఒకరు పక్కకు తీస్తారు. ఆకాశంలో బండి ఆపి మాట్లాడుకోవడం కుదరదు కదా! అందుకే విమానాల్లోకి రేడియో వచ్చింది.

రేడియో ఉన్నా జరిగిన ఘోరం

టాటా వారి విమాన సంస్థ 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1953లో ప్రభుత్వం తీసుకున్నా జె.ఆర్.డి.నే అధ్యక్షునిగా ఉంచింది. 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా బోయింగ్ విమానం ఒకటి జెనీవాలో దిగబోతూ మోబ్లా అనే మంచుకొండను ఢీకొట్టింది. 117 మంది చనిపోయారు. అందులో మన అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఒకరు. ఆయన జె.ఆర్.డి.కి మంచి స్నేహితుడు.

కారణమేమిటి? విమానంలో దారి చూపే పరికరం ఒకటి పని చేయడం లేదు. పైలట్ కొండ దాటామనుకున్నాడు. కింద రాడార్ చూసే అధికారికి అది తప్పని తెలిసింది, రేడియోలో చెప్పాడు కూడా. కాని ఆ మాట తేటగా లేదు. పైలట్ ఇంకో విధంగా అర్థం చేసుకొని కిందికి దిగుతూనే పోయాడు. చూశారా! 1932లో రేడియో లేకున్నా విమానం క్షేమంగా దిగింది. 1966లో రేడియో ఉన్నా, మాట సరిగ్గా అందక ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు ఎట్ల నేర్పుతారు?

హైదరాబాద్ బేగంపేటలో విమానం నేర్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. పైలట్ కావాలంటే నడపడం ఒక్కటే వస్తే చాలదు. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష ఉంటుంది. బి, డి, పి అక్షరాలు వినడానికి ఒక్కతీరుగా ఉంటాయి కాబట్టి బ్రావో, డెల్టా, పాపా అని పలకాలి. ఏ రన్‌వే, ఎంత ఎత్తు అని టవర్ చెప్పింది పైలట్ మళ్లీ అప్పజెప్పాలి. తప్పు పలికితే టవర్ వాళ్లు వెంటనే దిద్దుతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో మాట్లాడరాదు. రేడియో చెడిపోతే టవర్ నుంచి దీపం చూపిస్తారు. ఆకాశంలో ఉన్నవాళ్లకు ఆగకుండా వెలిగే పచ్చ దీపమైతే దిగవచ్చు. ఎర్రదైతే దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండాలి.

చివరి రోజులు

1982లో, 78 ఏండ్ల వయసులో, జె.ఆర్.డి. మళ్లీ చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా వచ్చారు. 1992లో భారతరత్న పొందారు. 1993 నవంబర్ 29న జెనీవాలో కన్నుమూశారు. ఆనాటి విమానం చేరుకోలేకపోయిన ఊరు అదే.

మిత్రులారా! ధైర్యం ఉంటే ఎగరవచ్చు. క్షేమంగా దిగాలంటే వినడం రావాలి. క్లాసులో గాని, హాస్టల్లో గాని సార్ చెప్పింది అర్థం కాకుంటే ఊరికే తలూపకండి. మళ్లీ అడగండి. విన్నది అప్పజెప్పండి. మనలో ఎవరైనా రేపు పైలట్ కావాలంటే ఆ అలవాటు ఇక్కడినుంచే మొదలు కావాలి.