వాటా పోయినను ఆట నిలిచినది

పరదేశమున స్థిరపడినవారి బిడ్డల చరిత్రలు మనవంటి ప్రవాసులకు ఆసక్తికరములు. అమెరికాకు చెందిన గ్యారీ గైగాక్స్ గారిని గూర్చి ఈ ఉగాదికి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

స్విట్జర్లాండునుండి వలసవచ్చిన వాయులీన విద్వాంసుని కుమారుడుగా వీరు 1938లో షికాగోలో జన్మించిరి. ఉన్నత పాఠశాల చదువు పూర్తికాలేదు. 1970లో బీమా కంపెనీ ఉద్యోగము పోగా, ఇంటనే బూట్లు బాగుచేసి సంసారము నడిపిరి.

డేవ్ ఆర్నెసన్ గారితో కలిసి వీరు కల్పించిన ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. అందు ఒకరు కథ నడుపుదురు. తక్కినవారు వీరులు, మాంత్రికులు. గెలుపోటములు పాచికలు తేల్చును. 1973లో మిత్రుడు డాన్ కే గారితో టి. ఎస్. ఆర్. కంపెనీ పెట్టిరి. బ్రయాన్ బ్లూమ్ గారు 2,000 డాలర్లిచ్చి మూడవ భాగస్తులైరి. 1974లో 1,000 ప్రతులు వెలువడెను.

1975లో కే గారు హఠాత్తుగా గతించిరి. వారి వాటా కొనుటకు గైగాక్స్ గారివద్ద సొమ్ము లేదు. క్రమముగా బ్లూమ్ కుటుంబమునకే అధిక వాటాలు దక్కెను. ఆట దేశదేశముల వ్యాపించెను గాని, 1985లో ఆ వాటాలు మరొకరికి అమ్ముడుపోగా, గైగాక్స్ గారు పెత్తనము కోల్పోయిరి. 2008లో కన్నుమూసిరి.

ఆట నేటికిని ఆడుచున్నారు. అయినను, భాగస్తుడు పోయిన వాటా ఎవరిదో మొదటనే కాగితముపై వ్రాసికొనుట మేలని వ్యాపారము చేయు మనవారికి మా మనవి.